చెప్పు కరవక ముందే

(సంఘ వార్షికోత్సవ సభలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)



"వ్యాయామం, ఆరోగ్యం" అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని సంఘంవారు ఆదేశించారు. నేను డాక్టరును కాను, బడిపంతులును. పొద్దున ఉర్దూలో పాఠాలు చెప్పడం, సాయంత్రం అదే పిల్లలను మైదానంలో పరుగెత్తించడం నా పని. అందుచేత పెద్ద విషయాలు పెద్దవాళ్ళకు వదిలేసి, ఒక చిన్న విషయం పట్టుకున్నాను. నడక మొదలుపెట్టి నాలుగో రోజున మానేసేవాళ్ళను మీరంతా చూసి ఉంటారు. ఏమయ్యా అని అడిగితే "టైము దొరకడం లేదు" అంటారు. అసలు సంగతి జోడు విప్పితే కనబడుతుంది. మడమ వెనుక బొబ్బ లేచి ఉంటుంది. లేకపోతే తొడలు ఒరుసుకుపోయి నడవలేక ఉంటారు. మొదటిది చూపించుకోవడానికి మొహమాటం, రెండోది నోట చెప్పడానికే సిగ్గు. ఈ రెండింటి గురించే ఈవేళ నా ప్రసంగం.

ఇంత చిన్న విషయానికి సభ సమయం ఎందుకని ఎవరైనా అనుకోవచ్చు. మన చుట్టుపక్కల ఎవరెవరు నడుస్తున్నారో, పరుగెత్తుతున్నారో ఒకసారి చూడండి. ఫజర్ నమాజు అయ్యాక సరూర్‌నగర్ చెరువు గట్టు మీద వెళ్ళేవాళ్ళలో సగంమంది తల నెరిసినవాళ్ళే. ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా కాలంలో అనాథ పిల్లలకోసం వెలిసిన విక్టోరియా మెమోరియల్ హోం ఆవరణలోనూ పొద్దున్నే నడిచేవాళ్ళు కనబడతారు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్.బి. నగర్ దాకా మెట్రో వచ్చిన తరువాత, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషన్లకు ఇంటినుండి కాలినడకన వెళ్ళి వచ్చేవాళ్ళు ఎందరో. వ్యాయామం అనే పేరు పెట్టకపోయినా అదీ వ్యాయామమే.

ఇక మన దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో కోచింగ్ సెంటర్ల బోర్డులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం కష్టం. జిల్లాలనుండి పిల్లలు వచ్చి, హాస్టల్ గదుల్లో నలుగురేసి ఉండి, పోలీసు ఉద్యోగాలకు చదువుతారు. చదువు ఒక్కటే చాలదు గదా! 2022 నాటి పోలీసు నియామకాల్లో మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలని నియమం పెట్టారు. ఏడాదిపాటు తల్లిదండ్రులు అప్పుచేసి పంపిన డబ్బు, రాత్రింబగళ్ళ చదువు, అన్నీ ఆ ఏడు నిమిషాలకు వచ్చి ఆగుతాయి. పరీక్ష నాలుగు రోజులుందనగా కొత్త బూట్లు కొని, వాటితో పరుగెత్తి, అరికాలంత బొబ్బ తెచ్చుకున్నవాడు ఏం చేస్తాడు? 5 సెకన్లు ఆలస్యమైతే ఆ బొబ్బకు మార్కులు వెయ్యరు.

ఇంకో సంగతి ఇంతకంటే గట్టిది. 2023లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షలమందికి చక్కెర వ్యాధి ఉంది. డాక్టరు నడవమని చెప్పేది ముందుగా వీళ్ళకే. ఏళ్ళ తరబడి చక్కెర ఎక్కువగా ఉన్నవాళ్ళలో చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. బొబ్బ లేచినా నొప్పి తెలియదు. తెలియని బొబ్బ పగులుతుంది, పుండు పడుతుంది, చీము పడుతుంది. చివరికి వేలు తీసెయ్యవలసి వచ్చిన ఇళ్ళు మనకు తెలియనివి కావు. ఆరోగ్యంకోసం మొదలుపెట్టిన నడకతోనే కాలు పోగొట్టుకోవడం కంటే విచారకరం ఏముంది?

మేము ఉర్దూ చెప్పే మాస్టర్లం. ఉర్దూ గజళ్ళలో "ఆబ్లా-పా" అనే మాట తరుచుగా వస్తుంది. అంటే కాళ్ళు బొబ్బలెక్కినవాడు అని. ఎడారిలో ముళ్ళమీద నడిచే ప్రేమికుడి పాదాల బొబ్బలు అతని ప్రేమకు సాక్ష్యమని కవులు చెబుతారు. కవిత్వంలో అది బాగుంటుంది. మా పిల్లలు మైదానంలో కూడా అదే పాట పాడుతున్నారు. "సార్, చూడండి, ఎంత బొబ్బ లేచినా ఆగలేదు" అని కాలు చూపిస్తారు. నేను వాళ్ళను మెచ్చుకోను. బొబ్బ కష్టపడ్డదానికి గుర్తు అనుకోవడం పొరపాటు. ఒంటికి ఏదో సరిపోవడం లేదని అది చెబుతోంది. ఆ మాట వినని మొండితనానికి పౌరుషమని పేరు పెట్టకూడదు.

ఇప్పుడు బొబ్బ ఎట్లా లేస్తుందో చూద్దాం. అందరూ ఒకసారి మీ ఎడమ చెయ్యి వెనుక వైపున కుడిచేతి బొటనవేలు ఆనించండి. వేలు జారనియ్యకుండా ముందుకూ వెనక్కూ కదపండి. పైన చర్మం వేలితోపాటు కదులుతోంది, కింద ఎముక కదలడం లేదు. మధ్యలో ఉన్న పొరలు సాగుతున్నాయి. జోడులో అడుగు అడుగుకూ జరిగేది ఇదే. చర్మం మేజోడుకు అంటుకొని ఉంటుంది, లోపల ఎముక ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఒక కిలోమీటరుకు వెయ్యికి పైగా అడుగులు పడతాయి. అన్నిసార్లు సాగి సాగి, పై చర్మం లోపలి పొరలు చిరిగి విడిపోతాయి. ఆ ఖాళీలోకి నీరు చేరుతుంది. అదే బొబ్బ. మనవాళ్ళు "చెప్పు కరిచింది" అంటారు. ఉర్దూలో కూడా "జూతా కాట్ రహా హై" అంటారు. రెండు భాషలవాళ్ళూ జోడుకు పళ్ళున్నాయనే అనుకున్నారు!

తడి సంగతి కూడా తెలుసుకోవాలి. బాగా పొడిగా ఉన్న చర్మం జారుతుంది. నీళ్ళలో పూర్తిగా తడిసిన చర్మమూ కొంత జారుతుంది. చెమటతో కొంచెం చెమ్మగా ఉన్నదే అన్నిటికంటే ఎక్కువ పట్టుకుంటుంది. నోటు లెక్కపెట్టేవాడు వేలు తడిచేసుకునేది అందుకే. మన హైదరాబాదులో జూలై, ఆగస్టు నెలల్లో గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు. 2011 నుండి మన నగరంలో పెద్ద మారథాన్ పరుగు జరుగుతున్నదీ ఆగస్టులోనే. ఆ 42 కిలోమీటర్ల చివర్లో మగవాళ్ళ చొక్కాల మీద ఛాతీ దగ్గర రెండు రక్తపు మరకలు కనిపిస్తే ఆశ్చర్యపడకండి. తడిసిన చొక్కా గంటల తరబడి ఒరుసుకున్న ఫలితం అది.

కాబట్టి నివారణ అంతా మూడు మాటల్లో ఉంది. పాదం జోడులో జారకూడదు, చర్మం చెమ్మగా ఉండకూడదు, మంట మొదలైతే ఆగాలి. ఒక్కొక్కటి చెబుతాను.

మొదటిది జోడు. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం మా క్లాసులో కుంటేవాళ్ళను చూస్తే నాకు వాళ్ళ నాన్నగారి ఆలోచన తెలిసిపోతుంది. "రెండేళ్ళు రావాలి" అని ఒక సైజు పెద్దది కొని ఉంటారు. పెద్ద జోడులో పాదం జారుతుంది, మడమ ఒరుసుకుంటుంది. చిన్నదైతే వేళ్ళు నొక్కుకుపోతాయి. డబ్బు మిగల్చాలనే ఆ తండ్రి బాధ నాకు తెలుసు, మనది జీతం రాళ్ళ సంసారమే. అయినా చెబుతున్నాను, పిల్లవాడు నడవలేని జోడు చవక కాదు. జోళ్ళు సాయంత్రంపూట కొనండి, పగలంతా తిరిగిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. వ్యాయామానికి వేసుకునే మేజోళ్ళతోనే తొడిగి చూడండి. నిలబడినప్పుడు పొడుగాటి వేలి ముందు బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి. మడమ మాత్రం లేవకూడదు. లేసును పైన చివరి రంధ్రం దాకా వేసి కట్టాలి. మా పిల్లలు లేసు విప్పకుండానే కాలు దూర్చి, జోడు వెనుక భాగం తొక్కి నడుస్తారు. ఆ నలిగిన అంచే తరువాత మడమను కోస్తుంది.

కొత్త జోడుతో దూరం వెళ్ళవద్దు. ఈద్ నాడు కొత్త జోళ్ళతో ఈద్‌గాహ్‌కు వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు వాటిని చేత పట్టుకొని వచ్చినవాళ్ళు ఈ సభలో ఎంతమంది ఉన్నారో చేతులెత్తమని అడగను! ముందు నాలుగు రోజులు ఇంట్లో, గల్లీలో వేసుకొని తిరగండి. నడక కూడా అట్లాగే. మొదటి రోజే 5 కిలోమీటర్లు కొట్టి గొప్ప చెప్పుకోవద్దు. కొద్దికొద్దిగా పెంచితే కొన్ని వారాల్లో చర్మమే గట్టిపడుతుంది. గునపం పట్టే కూలీ చేతులు చూడండి, కాయలు కాసి ఉంటాయి గాని రోజూ బొబ్బలెక్కవు.

రెండోది మేజోడు, తడి. నూలు మంచిదని మనకు నమ్మకం. చొక్కాకు నిజమే. మేజోడుకు మాత్రం నూలు చెమటను పీల్చుకొని తన దగ్గరే ఉంచుకుంటుంది. దూరం పరుగెత్తేవాళ్ళకు ఆటల సామాను దుకాణాల్లో దొరికే, త్వరగా ఆరే మేజోళ్ళు మేలు. కొనలేనివాళ్ళు ఒక జత పొడి మేజోళ్ళు వెంట ఉంచుకొని మధ్యలో మార్చుకున్నా చాలు. కుట్టు పోగులు వేళ్ళకు తగలకుండా సరిచేసుకోండి. మన నమాజీ సోదరులకు ఒక మనవి. వుజూలో రోజుకు అయిదుసార్లు పాదాలు కడుగుతాం, వేళ్ళ మధ్య ఖిలాల్ చేస్తాం. అంత శుభ్రం చేసి, తరువాత తడికాలితోనే మేజోడు తొడిగి నడకకు బయలుదేరితే ఏం లాభం? ఒక చిన్న తువాలు సంచిలో ఉంచుకొని వేళ్ళ మధ్య తడి తుడుచుకోండి. బొబ్బ తగ్గుతుంది, వేళ్ళ మధ్య పాచిపోవడమూ తగ్గుతుంది.

చెమట పట్టకుండా మందు లేదా అని పిల్లలు అడుగుతారు. 1998లో అమెరికా సైనిక విద్యార్థుల మీద చేసిన ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. చెమటను ఆపే అల్యూమినియం మందును కనీసం 3 రాత్రులు పాదాలకు పూసుకొని 21 కిలోమీటర్లు నడిచినవాళ్ళలో 21 శాతంమందికి బొబ్బలు లేచాయి. ఉత్త ద్రవం పూసుకున్నవాళ్ళలో 48 శాతంమందికి లేచాయి. మేలే గదా అనిపిస్తుంది. కాని ఆ మందు పూసుకున్నవాళ్ళలో 57 శాతంమందికి చర్మం మండి దురద పెట్టింది. కనుక నేను దాన్ని సిఫారసు చెయ్యను. దానికంటే చవకైనది, సాదాది ఒకటుంది. మందుల షాపుల్లో దొరికే కాగితపు టేపు, మైక్రోపోర్ అంటారే, అదే. 2016లో ప్రచురించిన ఒక పరిశోధనలో 250 కిలోమీటర్ల పందెంలో పరుగెత్తిన 128 మందికి ఒక కాలికి ఈ టేపు అంటించి, రెండో కాలు వదిలేశారు. టేపు వేసిన కాలికి బొబ్బలు 40 శాతం తగ్గాయి. ఎప్పుడూ బొబ్బ లేచే చోటు మీకు తెలుసు. పొడిగా తుడిచి, ముడతలు లేకుండా ఒక్క పొర అంటించుకోండి.

మూడోది ఆగడం. అన్నిటికంటే చవకైనది ఇదే, మనకు అన్నిటికంటే కష్టమైనదీ ఇదే. బొబ్బ ఒక్కసారిగా లేవదు. ముందు ఆ చోట వెచ్చగా అనిపిస్తుంది, తరువాత చురుక్కుమంటుంది, ఎర్రబడుతుంది. అప్పుడే పక్కకు తప్పుకొని, జోడు విప్పి, ఇసుక ఉంటే దులిపి, మేజోడు సరిచేసి, టేపు అంటించి మళ్ళీ కట్టుకుంటే రెండు నిమిషాల పని. "ఇంటికి వెళ్ళాక చూద్దాంలే" అంటే వారం రోజుల పని. మెట్రో స్టేషను మెట్ల మీద కూర్చుని జోడు విప్పడానికి నామోషీ ఎందుకు?

ఇప్పుడు ఒరిపిడి సంగతి. తల్లులూ అక్కచెల్లెళ్ళూ ఉన్న సభ అని నాకు తెలుసు. అయినా జబ్బు దగ్గర సిగ్గు పనికిరాదు. తొడల లోపలి వైపు, గజ్జలు, చంకలు, ఆడవాళ్ళకు రొమ్ముల కింద, లోదుస్తుల పట్టీల అంచులు, ఇవి ఒరుసుకుపోయే చోట్లు. చెమట ఆరిన చోట ఉప్పు మిగిలి గరుకు కాగితంలాగా గీరుతుంది. ఒళ్ళు కొంచెం బరువుగా ఉన్నవాళ్ళకు ఇది ఎక్కువ. నడక అవసరమైనదీ వాళ్ళకే, ముందుగా మానేసేదీ వాళ్ళే. బురఖా కింద మందపాటి నైలాన్ బట్టలు వేసుకొని నడిచే అక్కలకు గాలి తగలదు. లోపల తొడలను కప్పే, ఒంటికి అంటి ఉండే, కుట్లు గుచ్చుకోని మెత్తటి పొట్టి లాగు వేసుకుంటే చర్మానికి చర్మం తగలదు. దాని కింద కొంచెం వాజలిన్ రాసుకోండి. కొబ్బరినూనె కూడా జారుడే గాని త్వరగా పోతుంది, మళ్ళీ రాయవలసి వస్తుంది. పౌడరు మొదట హాయిగా ఉంటుంది, చెమట పడితే ఉండలు కట్టి అదే గీరుతుంది. ఇంటికి రాగానే తడిబట్టలు మార్చి, చల్లటి నీళ్ళతో కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టండి.

హజ్‌కు, ఉమ్రాకు వెళ్ళేవాళ్ళు ఇది మరీ గుర్తుంచుకోవాలి. సఫా మర్వాల మధ్య ఏడు సార్లు నడిస్తేనే సుమారు 3 కిలోమీటర్లు. ఇహ్రామ్‌లో మగవాళ్ళకు కుట్టిన లోదుస్తు ఉండదు, ఎండ, చెమట. తొడలు ఒరుసుకుపోయి, కాళ్ళు ఎడంగా వేసి బాధతో నడిచే హాజీలు చాలామంది. వాసన లేని వాజలిన్ చిన్న డబ్బా వెంట పెట్టుకోండి. ఇహ్రామ్‌లో సువాసన పనికిరాదు గనుక కొనేటప్పుడు వాసన చూసి కొనండి. మసాయిల్ సంగతి ఆలిమ్ సాబులను అడగండి. అక్కడ వేసుకోబోయే చెప్పులు నెలరోజుల ముందునుండే ఇక్కడ వేసుకొని రోజూ నడవండి. విమానం ఎక్కే ముందురోజు కొన్న చెప్పు అక్కడ తప్పకుండా కరుస్తుంది.

ఒక హెచ్చరిక. గజ్జల్లో దురదపెడుతూ, గుండ్రంగా అంచులు కట్టి పాకుతుంటే అది ఒరిపిడి కాకపోవచ్చు, తామర కావచ్చు. మందుల షాపులో అడిగి, స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాసుకుంటే రెండు రోజులు తగ్గినట్లు కనిపించి, తరువాత రెట్టింపవుతుంది. చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి.

ఇంత చెప్పినా బొబ్బ లేవనే లేచింది, ఏం చెయ్యాలి? చిన్నదైతే ముట్టుకోవద్దు. ఆ పై చర్మమే దేవుడిచ్చిన కట్టు. దాన్ని పీకితే పచ్చిగాయం. శుభ్రంగా కడిగి, మెత్తటి గాజు గుడ్డ వేసి, ఒరుసుకునే జోడు మానండి. పెద్దదై, నొప్పితో అడుగు వెయ్యలేకపోతే, సబ్బుతో చేతులూ ఆ చోటూ కడిగి, స్పిరిటుతో తుడిచిన కొత్త సూదితో అంచు దగ్గర చిన్న రంధ్రం చేసి నీరు పోనివ్వండి, పై చర్మం మాత్రం అట్లాగే ఉంచి కట్టు కట్టండి. పసుపు, బూడిద, టూత్‌పేస్టు, సున్నం ఏదీ పెట్టవద్దు. చీము, చుట్టూ ఎరుపు పాకడం, కాలు మీదికి ఎర్రటి చార, జ్వరం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

అంత భయమా అంటే, 1924లో అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్ కొడుకు సంగతి వినండి. 16 ఏళ్ళ పిల్లవాడు. అధ్యక్ష భవనంలో మేజోళ్ళు లేకుండా బూట్లు వేసుకొని టెన్నిస్ ఆడాడు. కాలి వేలి మీద బొబ్బ లేచింది. అది విషమించి రక్తంలోకి పాకి, జూలై 7న చనిపోయాడు. దేశాధ్యక్షుడి కొడుకు, కావలసినంతమంది డాక్టర్లు, అయినా దక్కలేదు. పెనిసిలిన్ కనుగొన్నది ఇంకా నాలుగేళ్ళకు, 1928లో. ఈరోజు మందులున్నాయి. కాని మందు పనిచెయ్యాలంటే వేళకు వెళ్ళాలి గదా.

చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళకు నియమం వేరు. మీరు బొబ్బను సూదితో పొడవకూడదు, కాయలను బ్లేడుతో చెక్కకూడదు, వట్టికాళ్ళతో నడవకూడదు. రోజూ రాత్రి అరికాలు, వేళ్ళ మధ్య, మడమ చూసుకోండి. వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టి చూడండి. జోడు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి తడమండి. రాయి ఉన్నా మీ పాదానికి తెలియకపోవచ్చు, చేతికి తెలుస్తుంది. పిల్లలకు ఒక మాట. మీ ఇంట్లో అబ్బాజాన్‌కో, నానీకో చక్కెర ఉంటే, రోజుకు ఒక్క నిమిషం వాళ్ళ పాదాలు మీరు పట్టి చూడండి. పెద్దల కాళ్ళు పట్టడం మనకు కొత్త కాదు. దానికి కొంచెం చూపు జోడించమంటున్నాను.

చివరగా సంఘం పెద్దలకు ఒక విన్నపం. మన కార్యాలయంలో ఒక చిన్న పెట్టె పెట్టిద్దాం. అందులో కాగితపు టేపు, గాజు గుడ్డ, వాసన లేని వాజలిన్, ఒక కత్తెర ఉంటే చాలు, పెద్ద ఖర్చు కాదు. పోలీసు పరుగుకు తయారయ్యే మన పిల్లలూ, హజ్‌కు వెళ్ళే పెద్దలూ, పొద్దున్నే నడిచే అమ్మలూ దాన్ని వాడుకుంటారు. పెట్టె మీద ఉర్దూలో, తెలుగులో ఒక్క వాక్యం రాయించే బాధ్యత నాది: "మంట మొదలైన చోటే ఆగండి."

 అల్లా మన అందరి కాళ్ళనూ బలంగా ఉంచుగాక. వస్సలామ్.